గట్టు మీద ఉప్పు పళ్లెం

జగ్గమ్మ చేతికి కొలతెందుకండీ! నరసన్నపేట దగ్గరి ఆ బళ్లో పదిహేనేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. గుప్పిట్లో గళ్లుప్పు తీసి సాంబారులో వేసిందంటే మళ్లీ రుచి చూడాల్సిన పనే లేదు. అలాంటి చేతికి చెంచా వచ్చి పడింది. పిల్లలకు ఉప్పు తగ్గించాలట, పైనుంచి కాగితం వచ్చింది. వారానికి ఇన్ని పొట్లాలు, అంతకు మించితే వంట వేరేవాళ్లకి.

కాగితం తప్పని జగ్గమ్మ అనలేదు. ఎలా అంటుంది? మొగుడు కూర్మయ్య బీపీ ముదిరి, పక్షవాతమొచ్చి ఏడాదిగా మంచాన ఉన్నాడు. ముప్పయ్యేళ్లు అతని గంజిలో ఉప్పేసింది తనే. ఇప్పుడా ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ బడి వంట వల్లే.

మొదటిరోజే పిల్లలు సగం అన్నం కుళాయి దగ్గర పారబోశారు. హెడ్మాస్టరు నరసింగరావు మొహం మాడ్చుకున్నాడు.

"ఇలాగ పారబోస్తంటే నిన్ను ఉంచమని నేనెలాగ సెప్పను, జగ్గమ్మా?"

"ఉప్పేస్తే మీరు నన్ను తీసేత్తారు, ఎయ్యకపోతే పిల్లలు తీయించేత్తారు. నానేటి సేసీది బాబూ?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే మరి!

మర్నాడు మూడో తరగతి నీలవేణి చెయ్యి చాపింది. "మామ్మా, కూసింత ఉప్పెట్టవా?"

ఉప్పు చేతికి అందివ్వకూడదు, తగువులొస్తాయి. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. జగ్గమ్మ అదే చేసింది. కూర్మయ్యకు చప్పిడి కూడు మొదలయ్యాక ఇంట్లో ఊరికే పడున్న ఉప్పు జాడీ పట్టుకొచ్చి, వంటగది గట్టు మీద పళ్లెంలో పోసి, మొహం తిప్పుకుంది. తనివ్వలేదు, వాళ్లే తీసుకున్నారు. సాంబారులో మాత్రం చెంచా లెక్క తప్పలేదు.

ఓరి నాయనో, ఆ పిల్లలు! జగ్గమ్మ గుప్పిట ఏనాడూ వెయ్యనంత ఉప్పు కలుపుకుని కంచాలు నాకి లేచారు.

నెల తిరిగాక, పిల్లలు చేతులు కడుక్కుంటున్న వేళ ఆఫీసరు పద్మజ గారు వచ్చారు. పళ్లెం అప్పటికే బియ్యం డబ్బా వెనక దాక్కుంది. ఆవిడ సాంబారు రుచి చూశారు, పొట్లాలు చూశారు, ఖాళీ కంచాలు చూశారు.

"ఇంత తక్కువ ఉప్పుతో ఇంత బాగా తింటున్నారా! మిగతా బళ్లవాళ్లకి నువ్వే నేర్పాలి, జగ్గమ్మా."

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే పొయ్యి పోతుంది. చెప్పకపోతే? కూర్మయ్య వంకరపోయిన మూతి కళ్లముందు మెదిలింది. "అలాగేనమ్మా," అంది. కళ్లనీళ్లొచ్చేశాయి. సంతోషమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికెళ్లి కూర్మయ్యకు జావ పట్టింది. అతను తల అడ్డంగా ఊపి, "ఉ... ఉప్పు," అన్నాడు.

"ఇంట్లో నేదయ్యా. బడికి పట్టికెళ్లిపోనాను."

మర్నాడు గంట కొట్టగానే పళ్లెం గట్టు మీద పెట్టి, మొహం తిప్పుకుంది. కాసేపటికి వెనకనుంచి నీలవేణి కేకేసింది.

"మామ్మా, ఉప్పయిపోనాది!"

జగ్గమ్మ జాడీ తెచ్చి మళ్లీ పోసింది.