నల్ల తామర పురుగు, మేడం గారి అనుమతి

రిటైర్మెంటుకు కొంతకాలం ముందు నన్ను భద్రాచలం అడవి అంచున ఉన్న మిర్చి పరిశోధన కేంద్రానికి ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. ఆ ఏడే పూత మీద నల్ల తామర పురుగు పడింది. పరాయి దేశం నుంచి వచ్చిన పురుగు; పువ్వులో దూరి పిందె కట్టనివ్వదు. పువ్వులను తెల్లకాగితం మీద దులిపి, రాలిన పురుగులను స్పిరిట్‌లో వేసి, భూతద్దం కింద లెక్కపెట్టడం నా పని.

ఆ పురుగు మీద పరిశోధించే సైంటిస్టు స్రవంతి మేడం, టేకులపల్లి అమ్మాయి. ఆమెకు విదేశీ ల్యాబులో అవకాశం వచ్చింది. వెళ్లాలంటే మా హెడ్ గారు 'అభ్యంతరం లేదు' అని సంతకం చేయాలి. నెలాఖరు దాటితే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. హెడ్ గారు ఫైలు మీద పేపర్‌వెయిట్ పెట్టి కూర్చున్నారు.

కొత్తగూడెం గ్రంథాలయంలో సైన్సు అరను పై నుంచి కింది దాకా చదివినవాణ్ణి నేను. శాస్త్రజ్ఞులు దేశాలు మారినప్పుడల్లా శాస్త్రం ఎలా ముందుకు జరిగిందో టీ వేళ ఆయనకు వివరించాను. ఆయన టీ తాగారు, సంతకం మాత్రం చేయలేదు.

"గిట్ల ఒక్కొక్కరు పోతే రైతుకు జవాబెవరు చెప్తరయ్యా?" అన్నారు.

ప్రశ్నలో న్యాయం ఉంది. రైతుల చేతే 'పోవద్దు' అనిపించాలని ఆయన సమావేశం పెట్టించారు. పిలిచే పని నాకే అప్పగించారు. నేను పెనుబల్లి రైతు కోటయ్యను ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆయన నోటి సంగతి నాకు తెలుసు.

హెడ్ గారు విషయం చెప్పగానే కోటయ్య లేచాడు.

"మా తాత గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ మిరప వేశాడండీ. ఆయన్ని అక్కడ ఎవరన్నా ఆపుంటే మీకీ ఆఫీసెక్కడిది సార్?"

అందరూ నవ్వారు.

"అవ్, మరి నీ చేను ఎవరు చూడాలె?" అన్నారు హెడ్ గారు.

"ఇంకో మేడాన్ని వెయ్యండి. ఆ పురుగు మీ సంతకం తీసుకునొచ్చిందా? ఈవిణ్ణి కట్టేస్తే అది భయపడుద్దా?"

హెడ్ గారు కూడా నవ్వక తప్పలేదు. ఆ సాయంత్రమే సంతకం పెట్టి, "గా కోటయ్యను ముందల కూసోబెట్టిందెవరయ్యా?" అన్నారు. నేను చాలా శ్రద్ధగా పువ్వులు దులిపాను.

మేడం వెళ్లారు. రెండు పంటకాలాలు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. రైతులు క్యారీబ్యాగుల్లో పూత తెచ్చి నా ముందు పోసేవారు. పురుగులను లెక్కపెట్టగలను గానీ మందు రాయలేను. తర్వాత ఆమె నుంచి ఫలితాలు వచ్చాయి. అక్కడ పలు దేశాల పురుగులను పక్కపక్కన పెట్టి, ఏ మందులకు అవి లొంగడం మానేశాయో తేల్చారు. ఇక్కడ ఆమె చేతిలో ఉండేది మన పురుగొక్కటే. కోటయ్య పనికిరాని పిచికారీలు మానేశాడు. పేరు తెలియని దేశాల రైతులూ మానేసి ఉంటారు. హెడ్ గారు ప్రతి మీటింగులో "మా మేడమే" అనడం మొదలుపెట్టారు.

శాస్త్రజ్ఞులు కదిలితే శాస్త్రానికి లాభం, వదిలిన కేంద్రానికి లోటు. రెండూ నిజమే. కాబట్టి వెళ్లేవారి అనుమతి మీద, వచ్చేవారి నియామకం మీద ఒకే రోజు సంతకం పడాలి. నేను తెలుసుకున్నది ఇదే.