సవారీ లేని పట్టు

ఆ పొద్దున మా కుస్తీ గోదాలో, అంటే తాలీంలో ఉన్నవి: జల్లించిన ఎర్రమట్టి గొయ్యి, రెండు చెక్క గదలు, నూనె సీసా, నీళ్ల బకెట్. ఉన్నవాళ్లం ముగ్గురం: నకిరేకల్‌లో మాకు కుస్తీ నేర్పే ముసలి ఉస్తాద్, కుడిచేత్తో మగ్గం తాడు లాగి ఇంట్లో ఐదుగురిని సాకే మా వాడకట్టు అన్న ఒకాయన, పాలిటెక్నిక్ సెలవులకు వచ్చిన నేను.

నా నోట్‌బుక్‌లో పందొమ్మిది పట్లు ఉండేవి. ఒక్కోదానికి ఒక బొమ్మ, బలం ఎటు పనిచేస్తుందో చూపే బాణాలు. అన్నకు మూడు పట్ల కంటే ఎక్కువ రావు. అయినా నాలుగుసార్లు నన్ను బోర్లా పడేసి, వీపు మీదికెక్కి, నడుమును తొడలతో బిగించి ఊరికే కూర్చున్నాడు. దాన్నే ఉస్తాద్ సవారీ అనేవాడు. నా ముఖం మట్టిలో కూరుకుపోయింది. ముక్కు నుంచి రక్తం కారింది. నేను ఊపిరి వదిలినప్పుడల్లా ఆయన బరువు ఇంకొంచెం కిందికి దిగేది.

"కుస్తీ పట్టరాదన్నా, గీ కూసునుడేంది?" అన్నాను.

"కూసునుడే కుస్తీ తమ్మీ. నీ కితాబుల రాసుకోలేదా?"

ఉస్తాద్ నవ్వాడు. "ముందుగాల మనిషిని ఆపు బిడ్డా. చెయ్యి యాడికి పోతది, ఆడనే ఉంటది."

ఐదోసారి నేను నుదుటితో ఆయన మూతి మీద పొడిచాను. పెదవి చిట్లింది. ఆయన అరచేత్తో నా చెవి మీద కొట్టాడు. తల గింగిర్లు తిరుగుతుండగానే కాలు మెలేసి ఆయన్ని వెల్లకిలా పడేశాను. వెంటనే మీదికెక్కి, ఛాతీతో అదిమి నిలపాలి. నేను పన్నెండో నంబరు పట్టుకు పోయాను. ఆయన కుడి మణికట్టును రెండు చేతులతో పట్టి, మోచేతిని నా తొడ మీద అడ్డంగా పెట్టి వంచాను. ఆయన భుజాల మీద, నడుము మీద నా బరువు ఏమీ లేదు. తప్పించుకోవడానికి ఆయన ఒక్కసారిగా పొర్లాడు. నేను వదల్లేదు. ఒళ్లు ఒకవైపు తిరిగింది, చెయ్యి నా తొడ మీదే ఉండిపోయింది. పచ్చి వెదురు విరిచిన చప్పుడైంది.

"ఇడువు," అన్నాడు ఉస్తాద్. నేను విడవకపోతే నా వేళ్లు ఒక్కొక్కటే ఉస్తాదే విప్పాడు.

మీద కూర్చున్నవాడు ఎంత బలం పెట్టాలో కొలుచుకోగలడు. ఆ పొద్దున ఆ కొలత నా చేతిలో లేదు, పొర్లుతున్న మనిషి చేతిలో ఉంది. నా బొమ్మల్లో కింది మనిషి ఎప్పుడూ కదలడు.

నల్గొండ దవాఖానలో అన్న చేతికి కట్టు కట్టారు. మళ్లీ సెలవులకు వచ్చినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నాడు.

"జర దూరం కూసో తమ్మీ, ఇంకో చెయ్యి మిగిలున్నది," అన్నాడు.

దెబ్బకు ముందు ఆ మగ్గం మీద పోగు మోస్తూ అటూ ఇటూ పోయే నాడె నిమిషానికి డెబ్బై సార్లు తిరిగేదని వాళ్లవ్వ చెప్పింది. నేను గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.