పదింటి గడి

నర్సింగ్ చదివే పిల్లలకు నడవడిక నేర్పడం నా ఉద్యోగం. నా నోటికి హడలిపోయేవాళ్లు. జడ వదులుగా ఉంటే పట్టుకుని లాగేదాన్ని, ఏప్రాన్ మీద మరకుంటే పదిమందిలో కడిగేసేదాన్ని. అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటి పెట్టాను. పదింటికి పెద్ద డాక్టరు రౌండ్‌కి వచ్చేసరికి ఏ చార్టులోనూ నాడి రాసే గడి ఖాళీగా కనిపించకూడదు. కనిపిస్తే ఆ పిల్లకి ఆ రోజు నరకమే.

దాంతో పదింటి అంకెను ఎనిమిదింటికే వేసేసేవాళ్లు. నాకు తెలుసు. తెలిసే కింద సంతకం పెట్టేదాన్ని.

హైటెక్ సిటీలో మొదటి భవనానికి అద్దాలు బిగిస్తున్న రోజులవి. ఆ దగ్గర్లోనే కడుతున్న ఇంకో ఆఫీసు మీంచి పడ్డ కూలీని మా ఆస్పత్రికి తెచ్చారు. లోపల రక్తం కారుతోందని ఎవరమూ కనిపెట్టలేదు. మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి ప్రాణం పోయింది. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే అతని అన్న వచ్చి, మంచానికి వేలాడుతున్న చార్టు తీసి చదివాడు. పది గంటలకు నాడి ఎనభై రెండు అని ఉంది. గోడ గడియారంలో ఇంకా పది కాలేదు.

"నా తమ్ముడు సచ్చి పావుగంటైంది. గీ నాడి ఎవనిది?" అని అరిచాడు.

వెంట వచ్చిన నలుగురూ మందుల బల్ల తిరగేశారు. సీసాలు భళ్లున పగిలాయి. అడ్డొచ్చిన ఆయాని స్టీలు ట్రేతో మొహం మీద కొడితే ముక్కు పగిలి రక్తం కారింది. ఆ చార్టు రాసిన పిల్ల, జనగామ నుంచి వచ్చిన పాస్టరు గారి అమ్మాయి, గోడకి అతుక్కుపోయింది. నేను వెళ్లి దాని చెంప ఛెళ్లుమనిపించాను. మళ్లీ ఇంకోటి కొట్టాను. వాళ్ల కోపం దాని మీదికి మళ్లితే నేను బతికిపోతానని కొట్టాను. ఎంత సిగ్గుమాలినదాన్ని!

"ఆ పోరిని కొడ్తే నా తమ్ముడొస్తడా? కింద సంతకం ఎవరిది, గది చెప్పు" అంటూ అన్న నా గుండెల మీది పేరు బిళ్ల చదివాడు. సెలైన్ స్టాండు ఎత్తాడు. నా తలకి తగలాల్సిన దెబ్బకి ఆ పిల్ల కుడిచెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఆ పిల్లని కాలేజీ నుంచి తీసేసే కాగితం టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది.

"ముందే రాయమని నీకెవరు చెప్పారు?" అని ఆవిడ నా పక్కన నిలబడ్డ పిల్లని అడిగారు.

"ఎవ్వరు చెప్పలే మేడమ్. నేనే రాసిన" అంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

నా మీద నాకే అసహ్యం వేసింది. "నేనే చెప్పానండి. ఖాళీ గడి కనిపిస్తే చంపేస్తానన్నాను. ఆ సంతకం కూడా నాదే" అన్నాను.

పిల్ల చదువు నిలబడింది. నన్ను పాఠాల నుంచి తీసేసి వార్డు డ్యూటీలో వేశారు.

కట్టు విప్పాక అది డ్యూటీకి వచ్చింది. వేళ్లకి స్పర్శ సరిగా లేదనీ నాడి అందడం లేదనీ చెప్పింది. నా చెయ్యి పట్టుకుని నేర్చుకో, నిమిషం పూర్తిగా లెక్కపెట్టు అందామనుకున్నాను. చెయ్యి చాచాను.

అది చప్పున కళ్లు మూసుకుని, మొహం పక్కకి తిప్పేసుకుంది.