కవిత బిగించిన తలుపు

ఆ చొక్కాల షెడ్డులో ఆమెను ఇస్త్రీ అక్క అనని వాళ్ళు లేరు. యజమాని కూడా అలాగే పిలిచేవాడు. దారాలు కత్తిరించే పనిలో చేరి, గుండీల బల్ల దాటి, చివరికి ఇస్త్రీ బల్ల దగ్గర కుదురుకుంది. మొగుడు లారీల మీద తిరిగే మనిషి, ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు. ఎవరైనా జాలిపడితే, "రోజూ ఆయన మొహం చూసే గతి లారీకి పట్టింది, నాకు తప్పింది" అని నవ్వేసేది.

చెల్లెల్ని అక్కడ పనిలో పెట్టించింది తనే. కాజాల మెషిన్ మీద ఆ పిల్ల చెయ్యి ఎంత వేగమో, నోరు అంతకు రెట్టింపు. కొలత కాస్త తేడా వస్తే కటింగ్ మాస్టర్ని నిలబెట్టి కడిగేసేది. ఒకసారి ఆయన వెక్కిరిస్తే కత్తెర కూడా విసిరింది.

ఒక మధ్యాహ్నం వైర్లు అంటుకుని మంట గుడ్డల మూటలకు పాకింది. అందరూ ముందు తలుపుకేసి పరుగెత్తారు. కాజాల మెషిన్ వెనక తలుపు పక్కనే ఉండేది కాబట్టి చెల్లెలు అటు పరుగెత్తింది. ఆ తలుపుకి తాళం. పనివాళ్ళు చొక్కాలు దాటించేస్తారేమోనని యజమాని వేయించిన తాళం. చొక్కాలు పోలేదు, కాలిపోయాయి. వాటితోపాటు మనిషి కూడా.

షెడ్డు మళ్ళీ తెరుచుకుంది. గోడలకు సున్నం పడింది. వెనక కొత్త తలుపు వచ్చింది, దానికి కొత్త తాళమూ వచ్చింది. ఆ పైన ఒక కవిత వచ్చింది.

రాసింది యజమాని బావమరిది. కాలేజీలో పాఠాలు చెబుతాడు, మంచివాడే. "నిప్పు ముద్దాడిన మొగ్గవు, రాలినా పరిమళానివి" అని మొదలుపెట్టి చదువుతుంటే అందరికీ కళ్ళు చెమర్చాయి. కవితలో నిప్పుంది, మొగ్గుంది, ఆకాశముంది. తాళం లేదు. తాళం పెడితే అందం చెడుతుంది కాబోలు. యజమాని దాన్ని అద్దం వేసిన పెద్ద చెక్క పలక మీద ఎక్కించి, ఆ పిల్ల ఆఖరున నిలబడిన చోటే ఉండాలని వెనక తలుపుకే బిగించమన్నాడు.

సరుకు చూడడానికి వచ్చిన వ్యాపారులకు ముందుగా ఆ కవితే చూపించేవాడు. వాళ్ళు ఒక నిట్టూర్పు విడిచి, వెంటనే చొక్కా తిరగేసి కుట్టు చూసుకునేవారు.

"మొగ్గంట," అన్నాడొకసారి కటింగ్ మాస్టర్. "నా మీదకి కత్తెర విసిరిన రోజు ఆ కవిగారు ఇక్కడుండాల్సింది."

"మిరపకాయ అంటే ఎవరు ఏడుస్తారు మాస్టారూ?" అంది ఇస్త్రీ అక్క.

అన్నది గానీ, ఆమె కూడా రోజూ ఉదయం ఆ అద్దం తుడిచి, ఒక్క క్షణం ఏడ్చి, పనిలో పడేది. ఏడ్చాక చెల్లెలికి చేయాల్సింది ఏదో చేసేసినట్టే ఉండేది. కన్నీళ్ళతో వచ్చిన చిక్కే అది. మనిషిని తేలికపరుస్తాయి, తలుపు మాత్రం తెరవవు.

ఆ తేలిక ఒకరోజు పోయింది. కాజాల మెషిన్ మీదకి కొత్తగా వచ్చిన పిల్ల, ఈమధ్యే పెళ్ళయిందని అందరూ పెళ్ళికూతురు అని పిలిచే అమ్మాయి, కాలిన వైరు వాసనకి ఉలిక్కిపడి లేచింది. పాత మోటారు వేడెక్కిందంతే. కానీ ఆ అమ్మాయి కవితకేసి చూసి, "అక్కా, ఆ తలుపు తెరుచుకుంటుందా?" అని అడిగింది. ఇస్త్రీ అక్క చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఆగిపోయింది. ఎవరిదో చొక్కా వీపు మాడింది.

తాళంచెవి ఇమ్మని యజమానిని అడిగింది. చూద్దాం అన్నాడు. మళ్ళీ అడిగింది. చెల్లెలి సంవత్సరీకం సభ కానివ్వు అన్నాడు.

సభ షెడ్డులోనే పెట్టారు. కవిగారు కవిత చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. అక్కగా రెండు మాటలు చెప్పమని ఆమెను లేపారు.

"చెప్పేదేం లేదు సార్," అంది యజమాని వైపు తిరిగి. "ఆ తలుపు తాళంచెవి ఇవ్వండి."

పదిమందిలో కాదనలేక జేబులోంచి తీసి ఇచ్చాడు. తాళం ఊడింది. తలుపు కదల్లేదు. భుజంతో తోసింది, కటింగ్ మాస్టర్ కూడా తోశాడు. అప్పుడు చూశారు. పలక తలుపుకంటే వెడల్పు. వడ్రంగి ఒక అంచు మరలు తలుపుకి, రెండో అంచు మరలు పక్క ద్వారబంధానికి బిగించేశాడు. ఎవరూ తెరిచే తలుపు కాదు కాబట్టి ఎవరికీ తట్టలేదు. తాళం తీసినా తలుపును పట్టుకుని ఉన్నది కవితే.

మెషిన్లు విప్పే స్క్రూడ్రైవర్ తెచ్చి ఆమె మరలు తిప్పడం మొదలుపెట్టింది.

"అద్దం జాగ్రత్తమ్మా," అన్నారు కవిగారు.

ఆమె చెయ్యి ఆగింది. "ఆ రోజు ఈ తలుపు పగిలుంటే బాగుండేదండీ. మీకు రాసే పని తప్పేది."

కవిగారు దగ్గరికి వచ్చి, పలక కింద పడకుండా రెండో అంచు పట్టుకున్నారు.

తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. వెనక సందులోని గాలి లోపలికి వచ్చి, కుప్పలోంచి దారపు ముక్కల్ని లేపింది. గాలికి తలుపు మళ్ళీ మూసుకుపోబోతే, ఆమె ఆ పలకనే అడ్డంగా ఆనించింది. పెళ్ళికూతురు బయటికి వెళ్ళి, సందు చూసి, లోపలికి వచ్చి తన మెషిన్ దగ్గర కూర్చుంది.

తాళంచెవి కోసం యజమాని చెయ్యి చాపాడు. ఆమె దాన్ని ఇస్త్రీ బల్ల మేకుకి తగిలించింది.

"రోజూ మెషిన్లు ఆగి, ఆఖరి మనిషి కూడా బయటికి వెళ్ళాక ఇస్తాను సార్."