నస్తి కోసిన గడ్డిచుట్ట

ఉత్తరాన మంచుసీమలో, సేవెట్టి సరస్సు చుట్టూ కొత్తగా కట్టిన ఇళ్ళలో ఎవరి కాళ్ళు వెచ్చగా ఉన్నాయో, ఎవరివి చల్లబడ్డాయో దొమ్నకు నడక చూస్తేనే తెలిసిపోయేది. వేటకు వెళ్ళే మగవాణ్ణి ఆమె తల దగ్గర్నుంచి చూడదు, పాదాల దగ్గర్నుంచి చూస్తుంది. తుపాకీ ఎవడైనా కొనుక్కుంటాడు. మంచులో మూడు రోజులు తిరిగి పది వేళ్ళతో ఇంటికి రావాలంటే మాత్రం ఇంట్లో ఉన్న ఆడదానికి గడ్డి సంగతి తెలిసి ఉండాలి. ఆ సంగతి తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని దొమ్న నమ్మకం. అది అబద్ధమని ఇంతవరకు ఎవరూ అనలేదు, అనే ధైర్యమూ ఎవరికీ లేదు.

వాళ్ళ జనం పూర్వం మేజోళ్ళ జోలికి పోలేదు. రెయిన్‌డీర్ కాలితోలుతో కుట్టిన జోళ్ళలో గడ్డి కూరి, ఉత్త పాదం అందులో పెట్టేవారు. ఏ గడ్డి పడితే ఆ గడ్డి కాదు. నీటి అంచున మోకాలెత్తు పెరిగే సన్నాకు తుంగ. అది కంకి రాల్చాక, మొదటి మంచు తగలకముందు, ఆ మధ్య వారం పదిరోజుల్లో కోయాలి. కోసి, రాతి మీద పెట్టి కర్రతో కొట్టాలి. జుట్టు దువ్వినట్టు దువ్వాలి. నీడలో ఆరబెట్టాలి. తర్వాత తాడులా మెలితిప్పి, చుట్టకుదురులా చుట్టి, చూరుకు వేలాడదీయాలి. అలా చేసిన గడ్డి పట్టులా ఉంటుంది. చెమట తాగుతుంది, చలిని లోపలికి రానివ్వదు. సాయంత్రం తీసి పొయ్యి మీద ఆరబెడితే తెల్లారేసరికి మళ్ళీ సిద్ధం.

అలాంటి గడ్డి సువోన్యెల్ సరస్సు ఒడ్డున పెరిగేది. సువోన్యెల్ ఇప్పుడు సరిహద్దు అవతల ఉంది. యుద్ధంలో గీత అటునుంచి ఇటు జరిగింది, మనుషులు గీతకు ఇవతలికి వచ్చారు, సరస్సు అక్కడే ఉండిపోయింది. సరస్సును జారుడుబండి మీద వేసుకుని రాలేం కదా.

కొన్నేళ్ళు ఊరూరా తిప్పి, చివరికి ప్రభుత్వం వాళ్ళు ఇక్కడ ఇళ్ళు కట్టించారు. మంచి ఇళ్ళే, దొమ్న కాదనదు. చేపలున్న నీళ్ళు చూపించారు, అడవి చూపించారు. ఒడ్డున తుంగ కూడా ఉంది, మీ గడ్డే కదమ్మా అన్నాడు కళ్ళజోడు కుర్రాడొకడు. దొమ్న ఒక పోచ తెంపి, వేళ్ళ మధ్య నలిపి, వాడి చేతిలో పెట్టి, "నీ కళ్ళజోడులో కూరుకో" అని వచ్చేసింది. రెండు వేసవులు వెతికింది. ఇక్కడి గడ్డి బిరుసు. వారానికి విరిగి పొట్టవుతుంది, చర్మం కోస్తుంది. దాంతోనే కిందామీదా పడి ఒక చలికాలం నెట్టుకొచ్చింది. ఈ చలికాలం సగంలోనే అదీ అయిపోయింది.

అయితే ఆమె పెట్టెలో ఒక చుట్ట ఉంది. ఒక్క జోడుకు సరిపోయేంత.

అది కూతురు నస్తి కోసినది. ఊరు వదిలి పొమ్మని కబురు రావడానికి మూడు వారాల ముందు, ఎప్పటిలాగే కొడవలి పట్టుకుని ఒడ్డుకు పోయి కోసుకొచ్చింది. నస్తిది ఎడమచేతి వాటం. అందుకే ఆమె మెలితిప్పిన గడ్డి అందరి గడ్డికీ ఎదురు దిక్కున తిరిగి ఉండేది. చివర ఎర్ర ఉన్నిపోగుతో ముడి వేసేది. ఆ చలికాలమే, దక్షిణాన ఎవరిదో బడి కట్టడంలో అందర్నీ కుక్కి పెట్టినప్పుడు, జ్వరం వచ్చి చనిపోయింది. ఏడు చలికాలాలు గడిచాయి. శనివారం స్నానమయ్యాక, అల్లుడు ఇంట్లో లేనప్పుడు, దొమ్న రుమాలు విప్పి ఆ చుట్టను ముక్కు దగ్గర పెట్టుకునేది. సువోన్యెల్ ఒడ్డు వాసన కోసం. వాసన ఏమీ వచ్చేది కాదు. ఎండుగడ్డి, అంతే. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. మళ్ళీ శనివారం మళ్ళీ విప్పేది.

నస్తి భర్త కీరెల్. కూతురు పోయినా అల్లుడు పోలేదు. ఇద్దరికీ కలిపి ఒక ఇల్లు ఇచ్చారు, ఇద్దరూ ఒక పొయ్యి దగ్గరే వండుకుంటున్నారు. అతను తెల్లని మంచుకోళ్ళకు ఉచ్చులు పెడతాడు. ఉచ్చుల దారి ఇంటికి ఒక రోజు నడక, రాత్రుళ్ళు తలదాచుకోవడానికి అక్కడో గుడిసె ఉంది.

ఆ ఏడు చలికాలపు నెలన్నర చీకటి ముగిసి సూర్యుడు మళ్ళీ మొహం చూపించి పది రోజులు కాలేదు, కీరెల్ ఉచ్చుల దగ్గర్నుంచి కుంటుతూ వచ్చాడు. స్కీలు గోడకు ఆనించి, లోపలికి వచ్చి, ఎడమకాలు బల్ల కిందికి లాక్కున్నాడు.

"ఏమయ్యా, కాలు దాస్తున్నావేం? ఎవరైనా ఎత్తుకుపోతారనా?"

"ఏం లేదత్తా. కొంచెం తిమ్మిరి."

"తిమ్మిరో, ఇంకోటో నేను చెబుతా. విప్పు."

కాళ్ళకు ఉన్నవి కొట్లో కొన్న తోలు బూట్లు. దొమ్న బూటు పట్టుకుని లాగింది. రాలేదు. గోడకు కాలు తన్నిపెట్టి లాగితే వచ్చింది. లోపల ఉన్ని మేజోళ్ళు, ఒకదాని మీద ఒకటి. ఎరుపు, నలుపు, పసుపు గళ్ళతో, చూడముచ్చటగా ఉన్నాయి.

"ఇదేంటి! కాలికి తొడిగావా, పేగులో మాంసం కూరినట్టు కూరావా?"

"కైసి అల్లి ఇచ్చింది."

కైసి మూడో ఇంట్లో ఉండే విధవరాలు. ఆమె అల్లిక సంగతి ఊరంతా తెలుసు, ఆ అల్లిక ఎవరి కాళ్ళ కొలతకు అల్లుతోందో కూడా ఊరంతా తెలుసు.

"గడ్డి అయిపోయింది కదా అత్తా. రెండు జతలు వేసుకుంటే రెండింతలు వెచ్చగా ఉంటుందనుకున్నా."

"రెండు టోపీలు పెట్టుకో, రెండింతలు బుర్ర వస్తుందేమో చూద్దాం. కాలికి ఊపిరాడకపోతే వెచ్చదనం ఎక్కడ్నుంచి వస్తుందయ్యా?"

మేజోళ్ళు లాగేసింది. చిటికెన వేలు, దాని పక్క వేలు మైనంలా తెల్లగా ఉన్నాయి. గోటితో నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు."

దొమ్న చలికోటు గుండీలు విప్పి, బెంచీ మీద అతనికి ఎదురుగా కూర్చుని, ఆ పాదాన్ని తీసి తన కడుపుకు ఆనించుకుని, కోటు మూసేసింది. వాళ్ళలో దానికి సిగ్గుపడేవాళ్ళు లేరు. ఆ చల్లదనానికి ఆమె దవడలు బిగుసుకున్నాయి. చాలాసేపు ఇద్దరూ పొయ్యి వంక చూస్తూ కూర్చున్నారు.

"అబ్బా, అత్తా!"

"ఆఁ. గట్టిగా అరిచెయ్. నొప్పి పుట్టిందంటే వేలు నీదే. నొప్పి రాకపోతే అప్పుడు ఏడుద్దువుగాని." కోటు లోపల ఆమె చేతులు ఆ పాదాన్ని ఇంకా గట్టిగా అదుముకున్నాయి. "ఇంకోసారి ఇలా వచ్చావంటే ఆ రెండూ నల్లబడి ఊడిపోతాయి. అప్పుడు స్కీ మీద నిలబడటం కాదు, పడవలో కూడా సరిగ్గా కూర్చోలేవు."

"నాలుగు రోజుల్లో మళ్ళీ పోవాలి అత్తా. ఉచ్చుల్లో పడ్డవి నక్కలు లాక్కుపోతాయి. పిండి డబ్బా అడుగు కనబడుతోంది."

"నాకూ కళ్ళున్నాయి."

"ఈసారి ఒకే జత వేసుకుంటాలే."

పెట్టెలో చుట్ట ఉన్నదని అతనికి తెలుసు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు కూడా పెట్టె ఉన్న మూలకు కన్ను తిప్పలేదు. అడిగి ఉంటే నాలుగు తిట్టి, ఇవ్వను అని చెప్పేది. అడగని మనిషిని ఏమని తిట్టాలి?

మర్నాడు కైసి వచ్చింది. కీరెల్ తిప్పి పంపిన మేజోళ్ళు విప్పి, రాత్రంతా కూర్చుని మళ్ళీ వదులుగా అల్లానని చేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"కాలెలా ఉంది పిన్నీ?"

"ఉంది. నువ్వు అల్లిన దానికి కూడా తట్టుకుని ఉంది."

కైసి మొహం కందిపోయింది. "నాకేం తెలుసు పిన్నీ. మా అమ్మ రేవు ఊళ్ళో పనికి కుదిరిన మనిషి, గడ్డి కొట్టడం తనకే రాదు, నాకేం నేర్పుతుంది. చలికి చేతనైంది చేశాను."

"చేతనైంది చాలనుకుంటే ఎలాగే? చలికి అది చాలొద్దూ?"

"అయితే నేర్పు."

"గడ్డేదీ నేర్పడానికి?" అంది దొమ్న. ఆ మాట అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. కైసి మేజోళ్ళు బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. అవి నిజంగానే వదులుగా అల్లింది. దొమ్న వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, గోడమేకుకు తగిలించింది.

నాలుగో రోజు పొద్దున్న కీరెల్ బూట్లు అందుకోబోతుంటే దొమ్న వాటిని కాలితో పక్కకు నెట్టింది. పాత తోలుజోళ్ళు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి ఉన్నాయి. ఆమె ఒళ్ళో రుమాలు, రుమాల్లో చుట్ట.

అతను దాన్ని చూశాడు. ఎదురు మెలిక చూశాడు, ఎర్రముడి చూశాడు.

"అత్తా, వద్దు."

"కాలు చాపు."

"ఇది అయిపోతుంది."

"అయిపోవడానికే కోసింది. పటం కట్టించుకోమని కోసిందా?"

ముడి విప్పింది. ఎర్రపోగు తన వేలికి చుట్టుకుంది. గడ్డిని వేళ్ళతో విడదీసి, పొయ్యి వేడికి చూపించి, పొంగనిచ్చి, గూడు అల్లినట్టు జోడు అడుగున పరిచింది. మడమకు కొంచెం, వేళ్ళకు ఎక్కువ, మీద మెత్తగా. అతని పాదం లోపలికి పెట్టి, నేసిన పట్టీతో చీలమండ చుట్టూ మంచు దూరకుండా చుట్టింది. ఈ పని నస్తి చేసేది. అతను తల పైకెత్తి చూరు వంక చూస్తూ ఉన్నాడు, దొమ్న కూడా అతని మొహం వంక చూడకుండా జాగ్రత్త పడింది.

"విను. ఎత్తు ఎక్కేటప్పుడు మెడ దగ్గర విప్పుకో, చెమట పట్టనివ్వకు. చెమటే మనిషిని చంపేది, చలి కాదు. దాహమేస్తే మంచు తినకు. గుడిసె చేరగానే తిండి తర్వాత, ముందు గడ్డి తీసి ఆరెయ్. ఒక్క పోచ పారేశావో..."

"పారెయ్యనత్తా."

"వెనక్కి తే. అంతా."

అతను వెళ్ళాడు. స్కీల చప్పుడు సరస్సు మీద చాలాదూరం వినబడింది.

ఆ రోజు చలి ముదిరింది. మర్నాడు ఇంకా ముదిరింది, చలికి గోడదుంగలు పగులుతున్నట్టు టపటపా మోగాయి. దొమ్న రెండుసార్లు పెట్టె మూత తీసి, ఖాళీ రుమాలు చూసి మూసింది. తనను తాను తిట్టుకుంది. ఇచ్చినందుకు తిట్టుకుంది, అంత చలిలో పోనిచ్చినందుకు తిట్టుకుంది, ఏడేళ్ళు ఇవ్వనందుకు కూడా తిట్టుకుంది. కూతురు పోయింది, సరస్సు పోయింది, ఇప్పుడు చుట్ట పోయింది. ఇతను కూడా రాకపోతే ఇక తను ఎవరి పాదాల వంక చూడాలి? వేలికున్న ఎర్రపోగును తిప్పుతూ కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం, వెలుగు ఇంకా ఉండగానే, కుంటు లేని అడుగులు వినబడ్డాయి. అడుగు వినగానే ఆమెకు తెలిసింది. అయినా లేవలేదు, చేప కడుగుతున్నట్టు కూర్చుంది.

కీరెల్ కనురెప్పల మీద మంచు. సంచిలో పంతొమ్మిది కోళ్ళు.

"కాలు," అంది దొమ్న.

పట్టీ విప్పింది. లోపలి పాదం ఆవిరి స్నానాలగది నుంచి వచ్చినట్టు ఎర్రగా, వేడిగా ఉంది. చిటికెన వేలు నొక్కింది. "అమ్మా!" అన్నాడు. "సరే," అంది.

రెండు జోళ్ళలోంచి గడ్డి జాగ్రత్తగా లాగింది. నడకకు నలిగి, చెమ్మగిల్లి, ముద్దయిపోయింది. అప్పుడే అడుగున కొంత పొట్టు రాలుతోంది. మహా అయితే ఇంకో మూడు నాలుగు ప్రయాణాలు. ఆమె దాన్ని విడదీసి పొయ్యి మీది కర్రకు పోచపోచగా పరిచి, వచ్చి కూర్చుని, టీ పోసింది.

కాసేపటికి గడ్డి మీంచి ఆవిరి లేచింది.

దొమ్న చేతిలో గిన్నె ఆగిపోయింది. చల్లని నీళ్ళు, ఎండకు వేడెక్కిన రాళ్ళు, ఒడ్డుబురద, చేపపొలుసు, కోసిన పచ్చి తుంగ. ఆగస్టు ఆఖరి రోజుల సువోన్యెల్. ఎవరో ఇప్పుడే తడికాళ్ళతో గడ్డి మోసుకుని లోపలికి వచ్చినట్టుగా ఉంది. ఏడేళ్ళు రుమాల్లో దాచి ముక్కుకు ఆనించుకుంటే ఒక్కసారీ రానిది, మనిషి పాదం తాకి, చెమ్మ తాగి, మంట దగ్గరికి వచ్చాక వచ్చింది.

ఆమె కీరెల్ వంక చూసింది. అతను టీ తాగడం లేదు.

"గుడిసెలో కూడా వచ్చిందత్తా," అన్నాడు మెల్లగా. "మొదటి రోజే. నాకే అనిపిస్తోందేమో అనుకున్నా. నీకు చెబితే నవ్వుతావని..."

"నేనెందుకు నవ్వుతాను?" అంది దొమ్న. ఎర్రపోగు చుట్టుకున్న వేలితో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. స్కీలు చూసి వచ్చినట్టుంది కైసి, తలకు గుడ్డ కూడా సరిగా కట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి అతని పాదాల వంక చూస్తోంది. ఆమె వెనకనుంచి తెల్లటి చలి నేలమీద పాకుతూ లోపలికి వస్తోంది.

"అక్కడే నిలబడ్డావేమే! లోపలికొచ్చి తలుపెయ్యి," అంది దొమ్న. "తొందరగా. వాసన పోతోంది."

ఏ వాసనో కైసికి తెలియదు. అయినా తలుపు లాగి, కింద సందుకు తోలుముక్క అడ్డంపెట్టి వచ్చింది. దొమ్న బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చింది.