మాస్టారు గీసిన రివాల్వర్లు

మొన్న ఆదివారం పొద్దున్నే రాజోలు నుంచి ఫోను. "నాన్నగారు పోయేరండీ," అంది మా డ్రాయింగు మాస్టారి అమ్మాయి. అయ్యో అనుకునేలోపే, ఇక ఆ సంగతి ఎవరికీ తెలియదులే అన్న ఆలోచన నాలో మెదిలింది. అందుకు సిగ్గుపడే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాలిటెక్నిక్‌లో మాకు యంత్రాల బొమ్మలు గీయడం నేర్పింది ఆయనే. పెన్సిలు బ్లేడుతో చెక్కి, ఆ పొట్టు చొక్కా జేబులో వేసుకునేవారు. తుపాకీమందు కూరి పేల్చే పాతకాలపు రివాల్వర్లంటే ఆయనకు పిచ్చి. ఒక్కదాన్నీ చేత్తో పట్టుకున్నది లేదు. హైదరాబాదు మ్యూజియంలో అద్దం ఇవతల నిలబడి రెండింటిని గీసుకొచ్చారు. అమెరికావాళ్లది గొట్టం విడిగా, చట్రం విడిగా చేసి సీల కొట్టి బిగించింది. ఇంగ్లండువాళ్లది రెండూ కలిపి ఒకే ఇనుప ముద్దలోంచి తీసింది.

"ఏది గొప్పదండీ?" అని అడిగాను.

"గొప్ప సంగతి తర్వాతరా. అమెరికాలో మిషన్లున్నాయి, ముక్కలుగా చేసేరు. ఇంగ్లండులో చెయ్యి తిరిగిన పనివాళ్లున్నారు, ఒకే ముక్కగా చేసేరు. ఎవరి దగ్గర ఏముందో చూడు, బొమ్మ అదే అర్థమైపోద్ది."

ఇలా ఏళ్ల తరబడి పోల్చి రాసుకున్న నోటుపుస్తకాన్ని, నేను అమలాపురంలో లెక్చరర్‌గా చేరాక నా చేతిలో పెట్టారు. "తప్పులుంటే చెప్పరా," అన్నారు. నేను తప్పులు వెతకనేలేదు. ఉన్నదున్నట్టు మా కాలేజీ సదస్సులో నా పేరుతో చదివేశాను. తర్వాత అచ్చు కూడా వేయించుకున్నాను.

సదస్సు రోజున ఆయన వస్తారనుకోలేదు. చివరి వరుసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టారు. గుమ్మం దగ్గర ఎదురుపడి, "బాగా చెప్పేరండీ," అన్నారు. అన్నాళ్లూ నన్ను ఒరేయ్ అన్న మనిషి. నేను థాంక్స్ చెప్పి తప్పుకున్నాను. ఆ తర్వాత రాజోలులో పనిపడినా వాళ్ల వీధి మొహం చూడలేదు.

మొన్న మాస్టారి అంత్యక్రియలకు వెళ్లాను. చర్చిలో ప్రార్థన అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. "నా పేరుతో అచ్చయిన రివాల్వర్ల వ్యాసం మాస్టారిది. నేను దొంగిలించాను," అన్నాను. గుమ్మం దాటి వచ్చేశాను.

బయట వాన పడుతోంది. మాస్టారి అమ్మాయి నా దగ్గరికొచ్చింది. "ఆయనతో చెప్పుకోలేకపోయానమ్మా," అన్నాను.

"ఆయ్. మీరొస్తారని చూసేరండీ. అచ్చయినదాంట్లో రెండు తప్పులున్నాయంట. ఎవరైనా పట్టుకుంటే మీకు మాటొస్తదని, మీరొస్తే చెప్తానన్నారు."

నాకు తలెత్తాలనిపించలేదు. ఆమె గొడుగు నా మీదికి వంచింది. ఆటో వచ్చేదాకా ఆమె ఎడమ భుజం తడుస్తూనే ఉంది.