బీడీల అర్రల లినక్స్

"వారమైంది నువ్వు చాట ముట్టక. ఇట్లయితె నీ కార్డు కొట్టేస్తరు పిల్లా. కొట్టేసినంక కాళ్లు పట్టుకున్నా మళ్ల ఇయ్యరు."

"ఇయ్యకపోతె మానె అత్తమ్మా. రేపు పొద్దుగాల బళ్లె పేపర్లు ఇయ్యకపోతె గీ పని కూడ పోతది నాకు."

"పేపర్లు కొట్టనీకి నీ డబ్బ బతికుంటె గద! గిట్ల ముట్టుకుంటె గట్ల సస్తున్నది."

"సస్తలేదు. ఆరిపోతున్నది."

"రెండిటికి ఫరకేందే?"

"ఆరిపోయింది మళ్ల అంటుకుంటది."

నా కోడలు నాకు ఎదురు చెప్పుడు అదే మొదలు కాదు గాని, నా ముఖంలకు చూసుకుంట చెప్పుడు మాత్రం అదే మొదలు. బోధన్ల మా ఇంటి ముందటి అర్రల, పట్టపగలు, నా ఒళ్లె బీడీల చాట, ఆమె ఒళ్లె నల్లటి పాత ల్యాప్‌టాప్. అన్నానికి వచ్చిన నా కొడుకు చెయ్యి కడుక్కుందునా వద్దా అన్నట్టు కడప కాడనే నిలబడ్డడు.

ఇన్నేండ్ల కింది కొట్లాట ఇప్పుడెందుకు యాదికొచ్చిందంటె, మొన్న మా మనుమరాలు తన కొత్త మిషన్ని బొంత మీద పెట్టుకొని బోర్ల పండుకొని ఏదో చూస్తుంటె, దానికి కింద గాలాడనియ్యి, పీట మీద పెట్టు అని గదమాయించిన. అది నవ్వి, రెండో తరగతి చదివిన నీకు ఇవన్ని ఎట్ల తెలుసు బాపమ్మా అని అడిగింది. రెండో తరగతి కూడ పూర్తిగ కాలేదు. నడుమల్నే మా అక్క వచ్చి నన్ను బడి నుంచి తోల్కపోయి చాట ముందట కూర్చోబెట్టింది. తునికాకు కత్తిరించుడు, చిటికెడు తంబాకు పోసుడు, చుట్టి మూతి మడిచి దారం కట్టుడు, ఇదే నా చదువు. ఇందుల నేను ఎవ్వరికి తీసిపోలేదు.

మన ఈడు ఆడోళ్లకు బీడీల సంగతి కొత్తగ చెప్పేదేమి లేదు. మన దిక్కు పిల్లను చూడవచ్చినోళ్లు రంగు, రూపు తర్వాత అడుగుదురు, మొదలు అడిగేది పిల్లకు బీడీ కార్డు ఉన్నదా అని. కార్డున్న పిల్లంటె పీఎఫ్ ఉన్నట్టు, ముసలితనానికి ఇంత పింఛనున్నట్టు, మొగనికి పని లేనప్పుడు కూడ పొయ్యి మీద కుండ ఉన్నట్టు. మా ఇంటాయన చక్కర ఫ్యాక్టరీల సీజన్ మనిషి. చెరుకు గానుగాడినన్ని దినాలు పని, తక్కిన కాలమంత చెట్ల కింద ముచ్చట్లు. ఆ తక్కిన కాలం మా ఇల్లు నడిచింది నా కార్డు మీదనే. అందుకె కార్డును ఎవరన్న తక్కువ చేసి మాట్లాడితె నాకు అప్పుడు కోపమొచ్చేది, ఇప్పుడు కూడ వస్తది. దాన్ని తిని బతికినోళ్లం, దాన్ని తిట్టుడు మర్యాద కాదు.

ఆ ల్యాప్‌టాప్ మా ఇంటికి వానకాలంల వచ్చింది. కోడలి తమ్ముడు హైదరాబాద్ల ఒక కంప్యూటర్ల ఆఫీసుల పని చేస్తుండె. వాళ్ల ఆఫీసుల పక్కకు పడేసిన మిషన్ని అడుక్కొని, అందుల లినక్స్ అని మిషన్ని నడిపేటి సిస్టం ఒకటి ఎక్కించి అక్కకు తెచ్చిచ్చిండు. కొనేటి సిస్టం ఈ పాతదాని మీద నడువదట, ఇది తేలికదట, పైగ ఊరికెనే ఇస్తరట. ఊరికెనే అంటె నాకు నమ్మకం తక్కువ. ఊరికె వచ్చినదానికి బాగుచేసేటోడు దొరకడని అప్పుడే అన్న. ఇంటర్ దాక చదివిన పిల్ల, పెండ్లయి వచ్చినకాడికెల్లి నాతోని సమంగ చాట పట్టింది, చదువును చీర మడతలల్ల దాచి పెట్టుకున్నట్టు దాచుకున్నది. మిషన్ రాంగనే ఆ మడతలన్ని విప్పింది.

మొదటి దినమే ఏడ్చింది. ఏదో పని కోసం మిషన్ పాస్‌వర్డ్ అడిగిందట, ఈమె కొడుతున్నదట, తెర మీద అక్షరం కాదు గద చుక్క కూడ పడుతలేదట. బటన్లు సచ్చిపోయినయని, తమ్ముడు తెచ్చిన సొమ్ము వచ్చిన దినమే చెడగొట్టిన్నని కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చుడు. తమ్ముడు ఫోన్ల నవ్వి, అక్కా, అందుల పాస్‌వర్డ్ కొడితె కనబడనే కనబడదు, నువ్వు కండ్లు మూసుకొని కొట్టి ఎంటర్ నొక్కు అన్నడు. నొక్కితె పని అయింది. ఇంకో దినం చప్పుడు రాదు, ఇంకో దినం ఈమె రాసిన కాయిదం బళ్లె కంప్యూటర్ల తెరుచుకోదు. ఒక్కొక్కటి ఫోన్ల అడిగి, తీర్చుకొని, మెల్లమెల్లగ చెయ్యి తిరిగింది.

ఆ బడి మా గల్లీకి అవతలనే ఉండె. పరీక్షల పేపర్లు టౌన్ల నెట్ సెంటర్ల కొట్టిస్తె పిల్లలు వెనుక నిలబడి చదువుతరని, ఇంట్ల కూర్చొని గుట్టుగ కొట్టేటి మనిషి కావాలని బళ్లె పెద్ద మేడం మా కోడలికి ఆ పని ఇచ్చింది. నడిమి పరీక్షల పేపర్లు. బాగ చేస్తె ఏడాది పొడుగుత పని నీకే అన్నది. ఆ మాట విన్నకాడికెల్లి కోడలి నడకనే మారింది. పొద్దంత నాతోని బీడీలు చేసేది, తర్వాత అదే అర్రల, అదే గోడకు ఒరిగి, మిషన్ ముందట కూర్చునేది. ఇంకో అర్ర మాకు లేదు.

చలి మొదలయినంక మిషన్ ఆరిపోవుడు మొదలైంది. ముందుగాల గంటకోసారి, తర్వాత ఇంకింత జల్ది, ఆఖరికి కూర్చున్న కాసేపటికే తెర నల్లగయిపోవుడు. కొట్టినకాడికి పెన్‌డ్రైవ్‌ల భద్రం చేసుకుంటనె ఉండె గాని, లెక్కల పేపరు, సైన్సు పేపరు ఎంతకు ముంగటికి పోవు. అందుకె వారం దినాలు చాట ముట్టలేదు. అందుకె ఆ కొట్లాట.

నా కొడుకు మోటార్లకు వైండింగ్ చేసే షాపుల పని చేస్తడు. వాడు నడుమ దూరి, కంప్యూటర్ల షాపాయనను అడిగిన, అది ఫుకట్ సిస్టమట, అందుకె గిట్ల చేస్తదట, మొత్తం తుడిచి వేరేది ఎక్కియ్యాలెనట, నాలుగు దినాలు మిషన్ వాని దగ్గర ఉంచాలెనట అన్నడు. నాలుగు దినాలు అనంగనే కోడలు మిషన్ని ఒళ్లెకు గుంజుకున్నది. నేను అన్న గదా మొదలే అని నేనొక మాట వేసిన. ఆమె ఫోను తీసి తమ్మునికి చేసి, చేతులు రెండు ఖాళీ కావాలని ఫోనును కింద పెట్టి పెద్దగ వినబడేటట్టు చేసింది. అట్ల నేను కూడ విన్న.

ఆ పిలగాడు ఓపికమంతుడు. అక్కా, భయపడకు, ఒక్కటొక్కటి చూద్దం, రెండు ఒక్కసారి మార్చకు, మారిస్తె దేంతోని బాగైందో దేంతోని చెడిందో మనకు తెల్వది అన్నడు. మొదలు బ్యాటరీ తీసి ఉత్త కరెంటు మీద నడిపిచ్చిండు. ఆరిపోయింది. కరెంటు తీసి ఉత్త బ్యాటరీ మీద నడిపిచ్చిండు. ఆరిపోయింది. తర్వాత, తను ఇచ్చిపోయిన సీడీ వేసి, లోపల ఉన్నదాన్ని ముట్టకుంట ఆ సీడీ మీదనే మిషన్ లేపుమన్నడు. లేచింది, రంగులొచ్చినయి, కాసేపు మంచిగనే ఉన్నది, మళ్ల నల్లగ అయింది. ఇగ చాలక్కా, తప్పు లినక్స్‌ది కాదు, మిషన్ ఒంట్లనే ఉన్నది అన్నడు. నా కొడుకు అప్పుడు చెయ్యి కడుక్కునుడు మరిచిపోయి వచ్చి పక్కకు కూర్చున్నడు.

తర్వాత నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చేటిదాంట్ల ఏదో మాట కొట్టుమన్నడు. అది మిషన్‌కు జ్వరం చూసేటిదట. ఆమె కొట్టి అంకెలు చదువుకుంట పోయింది, చదివినప్పుడల్ల అంకె పెరుగుతున్నది. కింద చెయ్యి పెట్టి చూడక్కా అన్నడు. పెట్టి, పెనం లెక్క కాలుతున్నది తమ్మీ అన్నది. పక్కకు సందులున్నయి చూడు, అందులకెల్లి గాలి రావాలె, వస్తున్నదా అన్నడు. కోడలు ఇటు తిరిగి, నా చాటల నుంచి బీడీలు కట్టే దారం పోగొకటి తీసుకొని ఆ సందు కాడ పట్టుకున్నది. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూసినం. పోగు నిలువుగ వేలాడింది, జర్రంత కూడ కదలలేదు.

పంకా మూసుకపోయింది, తియ్యాలె అన్నడు. నా కొడుకు ఏమనుకున్నడో ఏమో, బండి డిక్కీల నుంచి మరలు విప్పే సన్న పేచ్‌కస్‌లు తెచ్చి, బ్యాటరీ పక్కకు పెట్టి, మిషన్ని బోర్లేసి, మోటారు విప్పినట్టె నిమ్మలంగ విప్పిండు. చిన్న పంకా, దాని ముందట దువ్వెన పండ్ల తీరు రాగి రేకులు. ఆ రేకుల మీద ఏదో కప్పుకొని ఉన్నది. సూదితోని గీరి లాగితె మొత్తం ఒక్క ముక్కగ వచ్చింది, కంబలి గుడ్డ లెక్క మెత్తగ, ముదురు రంగుది. వాడు దాన్ని నా అరచేతిల పెట్టిండు.

వాసన చూసుడు అక్కర లేకుండె. పసితనంకెల్లి నా చేతులల్ల, నా చీరలల్ల, నేను కన్న పిల్లల తలలల్ల ఉన్న తంబాకు వాసనే అది.

అవ్వా, ఈ మిషన్ మనింటికొచ్చి ఆరు నెలలు కూడ కాలె అన్నడు నా కొడుకు. అప్పుడే కోడలికి దగ్గొచ్చింది, ముఖం గోడ దిక్కు తిప్పుకొని కొంగు అడ్డం పెట్టుకొని దగ్గింది. ఆ దగ్గు వానకాలం నుంచి ఉండె. ఫ్యాక్టరీ గొట్టం నుంచి చెరుకు పిప్పి మసి పడుతున్నదని, చలి గాలని, మిర్యాల కషాయం కాచి ఇస్తనే ఉన్న. మా అక్కకు కూడ మొదలు అదే కషాయం ఇచ్చినం. నాకు చాట నేర్పిన అక్క, నవ్వితె గల్లీ అంత వినబడే మనిషి, ఆఖరికి నాలుగు మాటలు ఒక్కతాన అనలేక, గోడకు దిండు పెట్టుకొని కూర్చునే పోయింది. డాక్టరు దుమ్ము అన్నడు. ఏ దుమ్మని ఆయన చెప్పలేదు, మేము అడుగలేదు.

ఆ ముక్కను చాట అంచు మీద పెట్టిన. మిషన్ అంటె ఇనుము, రాగి, దానికి నోరు లేదు, అయినా ఊపిరాడక ఆరిపోయింది, ఆరిపోయి మాకు చెప్పింది. మనిషి ఆరిపోదు గద అంత జల్ది. దగ్గుకుంట, కట్టలు కట్టుకుంట నడుస్తనే ఉంటది.

పంకా తుడిచి, రేకులు ఊది, మిషన్ మళ్ల బిగిచ్చినంక కోడలు దారం పోగు సందు కాడ పట్టింది. పోగు వణికి, పక్కకు లేచి నిలబడ్డది. ఫోన్ల తమ్ముడు, ఏమైందక్కా, వస్తున్నదా, వస్తున్నదా అని అడుగుతనే ఉన్నడు. నేను లేచి తంబాకు గంప, చాట, ఆకు కట్టలు అన్ని వాకిట్లకు మోసిన. కొడుకు పట్టుకోవస్తె వద్దన్న. పొద్దుగూకేవరకు లోపలి నుంచి బటన్ల చప్పుడు ఆగకుంట వినబడ్డది.

ఇప్పుడు మా గల్లీల బీడీలు చేసే ఇండ్లు తక్కువైనయి. ఫ్యాక్టరీ సైరన్ కూడ లేదు, ఆ సైరన్‌కు లేచి, ఆ సైరన్‌కు అన్నం తిన్న మనకు ఇప్పుడు ఏ పూట ఏందో ఫోన్ చూస్తె గాని తెలుస్తలేదు. మనుమరాలి మిషన్ల పంకా ఉన్నదో లేదో నాకు తెల్వది, చప్పుడైతె రాదు. ఆ దుమ్ము పోయింది, సంతోషమే. కాని పదిమంది ఆడోళ్లం ఒక్క అర్రల చాటలు ముందటేసుకొని, చేతులు వాటి పని అవి చేస్తుంటె, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకొని తేలికయిన దినాలు కూడ ఆ దుమ్ముతోనే పోయినయి. ఇప్పుడు ఎవరి అర్రల వాళ్లు, ఎవరి తెర ముందట వాళ్లు. ఎవరికి దగ్గొచ్చినా పక్కింటికి వినబడదు. పాడు పనే, కాని దాని చుట్టు ఉన్న మనుషులు పాడోళ్లు కాదు. ఈ రెండు మాటలు ఒక్కతాన చెప్తె మా మనుమరాలికి అర్థం కాదు. మన ఈడోళ్లకు అయితదనే చెప్తున్న.

ఆ మిషన్ బాగైన తెల్లారి కోడలు తల దువ్వుకొని, పేపర్లన్ని పెన్‌డ్రైవ్‌ల పెట్టుకొని బడికి పోయింది. నేను బీడీల కార్ఖానకు పోయి ఆమె పేరు మీది కార్డు ఇగ నడువదని చెప్పిన. నీకేమన్న పిచ్చి లేసిందా అవ్వా, ఇడిస్తె మళ్ల రాదు అని లెక్కలు రాసే మునీం అన్నడు. తెలుసు, కొట్టెయ్యి అన్న. కొట్టేసిండు. నా కార్డు నా దగ్గరనే పెట్టుకొని బడి గేటు కాడికి పోయి నిలబడ్డ. కాసేపటికి కోడలు బయటికొచ్చి, పేపర్లు తీసుకున్నరు అత్తమ్మా, ఎండకాలం పరీక్షలయి కూడ నన్నే కొట్టుమన్నరు అన్నది. మంచిది అన్న. అట్నుంచటే ఇద్దరం బస్టాండుకు నడిచి, ఆమె దగ్గుకు ఛాతీ ఎక్స్‌రే ఫోటో తీయించేటందుకు నిజామాబాద్ బస్సు ఎక్కినం.